స్టేజీ మీద అప్‌రైట్ బేస్: తీగలు, పికప్‌లు, క్యాబినెట్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అప్‌రైట్ బేస్ అంటే వయొలిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది, నిలబెట్టి వాయించేది. ఆర్కెస్ట్రాలో బో (కమాను) పట్టుకుని వాయించినంత కాలం ఈ పెద్ద వాద్యానికి కరెంటుతో పని లేదు. పక్కన డ్రమ్స్, కీబోర్డు వచ్చి చేరాకే చిక్కంతా. జాజ్, బ్లూగ్రాస్, రాకబిలీ, ఫ్యూజన్, ఏది వాయించినా అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. బేస్ గిటార్ వాయిస్తూ అప్‌రైట్‌ వైపు వచ్చినవాళ్ళను ఎక్కువగా దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను.

ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

మొదట సెటప్, ఆ తరవాత తీగలు, పికప్ (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది), దానికి తగిన ప్రీఆంప్ (ఆ సంకేతాన్ని ఆంప్‌కు తగినట్టు సర్దే చిన్న పెట్టె). క్యాబినెట్, అంటే స్పీకర్ పెట్టె, చిట్టచివర. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పెద్ద క్యాబినెట్ కొని, శబ్దం బాగోలేదని పికప్ మార్చి, అప్పటికీ బాగోలేక తీగల మీద పడతారు.

సెటప్ అంటే బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క), సౌండ్‌పోస్ట్ (వాద్యం లోపల నిలబెట్టిన చిన్న కర్ర), నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) సరిగ్గా కుదరడం. బ్రిడ్జి కాలి కింద సన్నటి కాగితం దూరిపోతోందంటే ఆ కాలు పైపలకకు పూర్తిగా ఆనడం లేదన్నమాట. అలాంటి బ్రిడ్జికి ఎంత ఖరీదైన పికప్ తగిలించినా ఒక తీగ గట్టిగా, ఇంకో తీగ పీలగా వినిపిస్తాయి. దాన్ని ఈక్వలైజర్‌తో సరిచేయలేరు. వయొలిన్ కుటుంబం వాద్యాలు బాగుచేసేవాళ్ళ చేతికి ఇవ్వాల్సిందే.

తీగల్లో ఎన్ని రకాలు?

గట్టిగా చెప్పుకోదగ్గవి మూడు. జంతువుల పేగుతో చేసే గట్ తీగలు, స్టీలు కోర్ తీగలు, సింథటిక్ కోర్ మీద లోహపు చుట్టు ఉన్నవి.

ఆంప్‌లు లేని రోజుల్లో జాజ్ అంతా గట్ మీదే నడిచింది. తీగను ఫింగర్‌బోర్డుకు బాగా ఎత్తులో పెట్టి, బలంగా లాగి వాయించేవాళ్ళు. స్వరం ధన్‌మని మొదలై వెంటనే తగ్గిపోతుంది. స్టీలు తీగ వచ్చాక స్వరం సాగడం మొదలైంది. పికప్, ఆంప్ తోడయ్యాక బలంగా లాగాల్సిన అవసరం తగ్గి తీగలు కిందికి దిగాయి, వేళ్ళ వేగం పెరిగింది. జాజ్ బేస్ వాద్యకారుడు రాన్ కార్టర్ 1970లలో చేసిన రికార్డింగులు వింటే ఆ సాగే స్వరం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

సింథటిక్ తీగలు ఈ రెంటికీ మధ్య దారి. పిరాస్ట్రో వాళ్ళ ఆబ్లిగాటో, ఎవా పిరాజ్జీ ఈ కోవలోవే. వేలికి మెత్తగా ఉంటాయి, బో కూడా బాగానే పట్టుకుంటాయి.

నాలుగు తీగలూ ఒకే కంపెనీవి ఉండాలన్న నియమం ఏమీ లేదు. మరో జాజ్ బేస్ వాద్యకారుడు చార్లీ హేడెన్ పై స్వరాల తీగలు రెండూ గట్‌వి, కింది స్వరాలవి రెండూ స్టీలువి పెట్టుకునేవాడు. కాకపోతే కలిపేటప్పుడు టెన్షన్ (బిగువు) చూసుకోండి. పక్కపక్క తీగల్లో ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే ఒక తీగ మీంచి ఇంకో తీగకు వెళ్ళిన ప్రతిసారీ చేయి తడబడుతుంది.

ఎవరిని అడిగినా స్పిరోకోర్ అంటారు. అంత గొప్పదా?

ఆంప్‌తో పిజ్జికాటో, అంటే వేళ్ళతో మీటి, వాయించడానికైతే, అవును. వియన్నాలోని థామాస్టిక్-ఇన్‌ఫెల్డ్ కంపెనీ తీగ ఇది. లోపల సన్నటి ఉక్కు పోగులు తాడులా మెలి తిరిగి ఉంటాయి. స్వరం చాలాసేపు నిలుస్తుంది, ప్రతి స్వరం అంచు స్పష్టంగా వినపడుతుంది. జాజ్ వాళ్ళు ఇష్టపడే ఆ గుర్రుమనే ధ్వని ఇందులో పుష్కలం. దాంట్లోనే వైఖ్ అంటే టెన్షన్ తక్కువది, మిట్టెల్ అంటే మధ్యస్థం. బేస్ గిటార్ నుంచి వచ్చినవాళ్ళు వైఖ్‌తో మొదలుపెట్టడం మేలు. వేళ్ళూ మణికట్టూ అలవాటు పడే దాకా అనవసరపు బరువు ఎందుకు?

లోపాలూ ఉన్నాయి. కొత్తలో జీ (G) తీగ, డీ (D) తీగ జింగుమంటాయి. పీజో పికప్ ఆ జింగుకు ఇంకాస్త మసాలా వేస్తుంది. కొన్ని వారాలు వాయిస్తే తగ్గుతుంది. అంతవరకు ఓపిక లేనివాళ్ళు కింద ఈ (E), ఏ (A) తీగలు స్పిరోకోర్‌వి ఉంచి, పైన డీ, జీ సింథటిక్‌వి వేసుకుంటారు. నాకు నచ్చిన అమరిక కూడా అదే.

బో ఎక్కువగా వాడేవాళ్ళకు మాత్రం స్పిరోకోర్ సిఫారసు చేయను. బో పడగానే గీరుతుంది. సగం బో, సగం వేళ్ళు అయితే డి'అడారియో హెలికోర్ హైబ్రిడ్ లేదా ఎవా పిరాజ్జీ చూడండి. పూర్తిగా ఆర్కెస్ట్రా పనే అయితే ఫ్లెక్సోకోర్ లాంటివి. వాటిని ఆంప్‌లో పెడితే కాస్త మూగగా ఉంటాయి.

తీగలు ఎప్పుడు మార్చాలి?

శ్రుతి నిలవనప్పుడు, ఒకే తీగ మీద పైకి వెళ్ళేకొద్దీ స్వరస్థానాలు తప్పుతున్నప్పుడు, చుట్టు ఊడినప్పుడు. బేస్ గిటార్ లాగా రెండు మూడు నెలలకోసారి మార్చేవి కావు. స్టీలు తీగలు ఏళ్ళ తరబడి నడుస్తాయి. మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి ఊడదీయకండి. అన్నీ కలిపి వంద కిలోలకు పైగా ఉండే బిగువు బ్రిడ్జిని పట్టి ఉంచుతుంది. అది ఒక్కసారిగా పోతే బ్రిడ్జి పడిపోవచ్చు, లోపల సౌండ్‌పోస్ట్ కూలిపోవచ్చు. ఒక తీగ తీసి, దాని స్థానంలో కొత్తది బిగించి, ఆ తరవాతే రెండోది ముట్టుకోండి.

ఏ పికప్ ఎక్కడ పెడతారు?

అమెరికాలో ఎవరెట్ హల్ 1940లలో బేస్ ఎండ్‌పిన్‌కు (వాద్యం నేల మీద ఆనే కింది కడ్డీ) మైకు బిగించి వాద్యం కడుపులోకి దూర్చాడు. యాంపెగ్ కంపెనీ పుట్టింది అక్కడి నుంచే. ఇప్పుడు ఆ పద్ధతి పోయి పీజోల రాజ్యం వచ్చింది. ఒత్తిడి మారినప్పుడల్లా చిన్న విద్యుత్ సంకేతం ఇచ్చే పదార్థమే పీజో. దాన్ని ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి స్వభావం మారుతుంది.

బ్రిడ్జి రెక్కల సందులో దూర్చేవి అండర్‌వుడ్, కే అండ్ కే బేస్ మ్యాక్స్ లాంటివి. బిగించడం తేలిక, తీయడం తేలిక, బ్రిడ్జిని కోయనక్కర్లేదు. అయితే అది ఎంత బిగుతుగా కూర్చుందన్నదే మొత్తం వ్యవహారం. వదులుగా ఉంటే కింది స్వరాలు పలచబడి, పైన చిటపటలు వస్తాయి. మరీ బిగిస్తే శబ్దం ముక్కులోంచి వచ్చినట్టుంటుంది. విజిటింగ్ కార్డు ముక్కనో, పలుచని కార్క్ ముక్కనో పక్కన దూర్చి, ఒక్కో పొర చేరుస్తూ, ప్రతిసారీ నాలుగు ఖాళీ తీగలూ (వేలితో నొక్కకుండా) ఒకే బలంతో మీటి వినండి. నాలుగూ సమానంగా వచ్చిన చోట ఆపండి. సందు మరీ ఇరుకైతే మీరే ఆకురాయి పట్టకండి, ఆ పని తెలిసినవాళ్ళది.

బ్రిడ్జి ఎత్తు మార్చే చక్రంలోనే అమర్చినది ఫిష్‌మన్ ఫుల్ సర్కిల్. నా ఓటు దీనికే. నాలుగు తీగలూ సమంగా వస్తాయి, ఒకసారి బిగిస్తే మళ్ళీ దాని జోలికి పోనక్కర్లేదు. మీ బ్రిడ్జికి ఎత్తు సవరించే స్క్రూలు ముందే ఉండాలి, లేకపోతే పెట్టించాలి.

బ్రిడ్జి కాలి కింద పెట్టే రాగి రేకు రకం డేవిడ్ గేజ్ రియలిస్ట్. దీన్ని ఈ (E) తీగ వైపు కాలి కింద పెడతారు. ధ్వని గంభీరంగా, గుండ్రంగా ఉంటుంది, బోతో బాగా కుదురుతుంది. గట్టిగా మోగే బ్యాండులో మాత్రం బురదగా మారే ప్రమాదం ఉంది.

గిటార్‌లో లాగా మ్యాగ్నెటిక్ పికప్‌లూ ఉన్నాయి. ఫీడ్‌బ్యాక్‌కు, అంటే స్పీకర్ శబ్దం తిరిగి పికప్‌లోకి దూరి పుట్టే హోరుకు, చాలావరకు లొంగవు. కానీ వినిపించేది చెక్క కాదు, తీగ మాత్రమే. దానికి స్టీలు తీగలే కావాలి. గట్, నైలాన్ తీగల్ని ఆ పికప్ గుర్తించనే గుర్తించదు.

నా పీజో రేకు డబ్బాలా మోగుతోంది. పికప్ చెడిపోయిందా?

నూటికి తొంభై సార్లు కాదు. దాన్ని దేనికి తగిలించారో చూడండి.

పీజో విద్యుత్ పరంగా ఒక చిన్న కెపాసిటర్ (కొద్దిపాటి విద్యుత్తును నిలువ చేసే భాగం). దాన్ని ఏ ఇన్‌పుట్‌కు కలిపితే ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్‌తో (విద్యుత్ సంకేతానికి అది చూపే అడ్డు) కలిసి కింది ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టర్ తయారవుతుంది. లెక్క వేసి చూద్దాం. పికప్ కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ అనుకోండి. 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్‌కు కలిపితే కోత సుమారు 16 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మన ఖాళీ ఈ (E) తీగ 41 హెర్ట్జ్, అంటే ఏమీ పోదు. అదే పికప్‌ను 1 మెగాఓమ్ ఉన్న మామూలు బేస్ ఆంప్‌కు కలిపితే కోత 159 హెర్ట్జ్ దగ్గరే మొదలు. ఏ (A) తీగ 55, డీ తీగ 73, జీ తీగ 98 హెర్ట్జ్. అంటే నాలుగు ఖాళీ తీగల మూల స్వరాలూ కోతలో పడ్డాయి. నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు, అంటే సుమారు 10 కిలోఓమ్‌లకు కలిపితే మిగిలేది గోళ్ళ చప్పుడే.

అన్ని పికప్‌ల కెపాసిటెన్స్ ఒకటి కాదు. ఎక్కువ ఉన్నవి 1 మెగాఓమ్‌తో సర్దుకుపోతాయి. మీది ఏ రకమో తెలియకపోతే 10 మెగాఓమ్‌ల ప్రీఆంప్ ఒకటి మధ్యలో పెట్టండి, తప్పే ప్రసక్తి లేదు. ఎల్.ఆర్. బ్యాగ్స్ పారా డీఐ, రేడియల్ పీజెడ్-డీఐ ఈ పనికే పుట్టాయి. సౌండ్ వాళ్ళు ఇచ్చే మామూలు పాసివ్ డీఐ పెట్టెకు (వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే, కరెంటు అక్కర్లేని పెట్టె) పీజోను నేరుగా తగిలించనివ్వకండి. మరొకటి, పికప్ నుంచి ప్రీఆంప్ దాకా వెళ్ళే కేబుల్ వీలైనంత పొట్టిగా ఉండాలి. పొడుగు కేబుల్ ప్రీఆంప్ తరవాత వాడుకోండి.

మంచి మైకు పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

నెమ్మదైన ట్రయోలో, చిన్న హాలులో నిజమే. డీపీఏ 4099 లాంటి క్లిప్ మైకు గానీ, బ్రిడ్జి కింది తీగలకు తగిలించే ఇయర్ ట్రంపెట్ ల్యాబ్స్ నాడీన్ గానీ ఇచ్చే సహజమైన ధ్వని ఏ పీజో ఇవ్వదు. డ్రమ్స్ పక్కన నిలబడితే అదే మైకు సింబల్స్‌ను మీకన్నా బాగా వినిపిస్తుంది.

మధ్యే మార్గం రెండూ కలపడం. మైకును 150 నుంచి 200 హెర్ట్జ్ కింద కోసేసి, ఆ కింది భాగం పికప్‌కు వదిలేయండి. ఫీడ్‌బ్యాక్ పుట్టే ప్రాంతంలో మైకు ఉండదు, గాలీ చెక్కా వినిపించే ప్రాంతంలో పీజో గొంతు తగ్గుతుంది. రెండిటి పొలారిటీ (సంకేతంలో ప్లస్, మైనస్‌ల వరస) ఒకటేనా కాదా అని మాత్రం తిప్పి చూడండి. ఏ వైపు కింది స్వరాలు నిండుగా వస్తే అదే సరైనది.

కొంచెం వాల్యూమ్ పెంచగానే గూఁ అని హోరు మొదలవుతుంది. ఏం చేయాలి?

స్పీకర్ శబ్దం వాద్యం పలకను కదిలిస్తుంది, పికప్ దాన్ని మళ్ళీ స్పీకర్‌కు పంపుతుంది. అప్‌రైట్ పొట్ట ఎంత పెద్దదో తెలుసు కదా. లోపలి గాలి సుమారు 60, 70 హెర్ట్జ్ మధ్య ప్రతిధ్వనిస్తుంది, పైపలక 100 హెర్ట్జ్ చుట్టుపక్కల. వాద్యం మారితే ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. హోరు ఎక్కువగా పుట్టేది ఈ రెండు చోట్లే.

మొదటి ఆయుధం హై-పాస్ ఫిల్టర్. ఆంప్ మీది బేస్ నాబ్ తగ్గించడం వేరు, ఇది వేరు. బేస్ నాబ్ అవసరమైన భాగాన్ని కూడా లాగేస్తుంది. ఫిల్టర్ మాత్రం ఒక గీత కింద ఉన్నదాన్ని నిటారుగా కోస్తుంది. నెమ్మదిగా వాయించే చోట 40 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. గట్టి బ్యాండులో 80 దాకా, అవసరమైతే ఇంకా పైకి తీసుకెళ్ళండి. 41 హెర్ట్జ్ పోతే ఈ (E) తీగ వినిపించదని భయపడతారు. వాద్యం స్వతహాగా ఆ 41ని పెద్దగా పలికించదు. మనకు వినిపించేది ఎక్కువగా 82, 123 హెర్ట్జ్ పొరలే. మిగిలింది చెవి తనే పూరించుకుంటుంది.

రెండోది పొలారిటీ స్విచ్. కొన్ని ప్రీఆంప్‌ల మీద ఫేజ్ అని రాసి ఉంటుంది. 100 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు. మీరు క్యాబినెట్ నుంచి 1.7 మీటర్లు జరిగితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అందుకే నిన్నటి హాలులో పనికొచ్చిన స్విచ్ స్థానం ఈ రోజు చేటు చేయొచ్చు. సౌండ్ చెక్‌లో మీరు వాయించే చోటే నిలబడి, ఎడమ చేత్తో నాలుగు తీగలూ మూసిపట్టి, వాల్యూమ్ మెల్లగా పెంచండి. హోరు మొదలైన చోట స్విచ్ తిప్పండి. ఆగిపోతే అక్కడే ఉంచండి. ఆగకపోతే ఒక అడుగు పక్కకు జరిగి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ ఒక స్వరం మొండికేస్తే దాన్ని నాచ్ ఫిల్టర్‌తో (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తగ్గించేది) పట్టుకోండి.

క్యాబినెట్ సరిగ్గా వెనక, వాద్యానికి ఎదురుగా ఉంటే పని కష్టం. పక్కకు పెట్టండి. బోలు చెక్క స్టేజీల మీద శబ్దం నేల గుండా ఎండ్‌పిన్‌లోకి ఎక్కుతుంది. క్యాబినెట్ కింద మందపాటి ఫోమ్, లేదా దాన్ని కుర్చీ మీదికి ఎత్తడం, రెండూ పనిచేస్తాయి. ఎఫ్ ఆకారపు రంధ్రాల్లో ఫోమ్ కుక్కడం కూడా కొంత ఆపుతుంది. ధ్వని అందం కొంచెం పోతుంది గనక దాన్ని చివరికి దాచుకోండి.

ఎన్ని వాట్లు కావాలి?

అడగాల్సిన ప్రశ్న ఇది కాదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లే. 300 వాట్ల ఆంప్ తీసేసి 500 వాట్లది కొంటే తేడా రెండు డెసిబెల్‌ల పైచిలుకు, అంతే. అదే క్యాబినెట్ సెన్సిటివిటీ (ఇచ్చిన వాట్లకు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 93 నుంచి 99 డెసిబెల్‌లకు పెరిగితే, నాలుగు రెట్ల వాట్లు పెట్టినంత ఫలితం. డబ్బా మీద వాట్ల అంకె పెద్దగా రాసి సెన్సిటివిటీ దాచేసిన క్యాబినెట్‌ను అనుమానించండి.

ఇంకో సంగతి. అదే గట్టిదనంతో ఒక స్థాయి కింది స్వరం పలకాలంటే స్పీకర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 82 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీమీటర్ కదిలే కోన్ 41 దగ్గర 4 మిల్లీమీటర్లు కదలాలన్నమాట. చిన్న క్యాబినెట్‌లు చితికేది ఇక్కడే. పైన చెప్పిన హై-పాస్ ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్‌నే కాదు, కోన్‌నూ కాపాడుతుంది.

స్పీకర్ 8 అంగుళాలా, 10, 12, 15?

చిన్న గదుల్లో 8 లేదా 10 అంగుళాలది ఒకటి చాలు. డ్రమ్స్‌తో వాయించేవాళ్ళకు 12 అంగుళాలది ఒక్కటి దాదాపు అన్నిటికీ సరిపోతుంది. ఒక చేత్తో వాద్యం, రెండో చేత్తో క్యాబినెట్ మోసుకుని మెట్లెక్కగలరా అన్నది కూడా కొలతే. 15 అంగుళాలవి మంచివే, కానీ అప్‌రైట్‌కు అంత కింది భాగం అక్కర్లేదు, మోయడానికి మనిషీ కావాలి.

కంపెనీల్లో తేడా చాలా ఉంది. అకౌస్టిక్ ఇమేజ్ వాళ్ళు వూఫర్‌ను (కింది స్వరాల స్పీకర్) నేల వైపు తిప్పి పెడతారు, శబ్దం గదంతా పరుచుకుంటుంది. ఫిల్ జోన్స్ 5 అంగుళాల స్పీకర్లను వరసగా పేరుస్తాడు. వేగంగా, శుభ్రంగా పలుకుతాయి, బరువు మాత్రం కనపడే సైజుకు మించి ఉంటుంది. గాలియన్-క్రూగర్ ఎంబీ150 పాతది దొరికితే వదలకండి. లోహపు పెట్టెలో 12 అంగుళాల స్పీకర్, చూడ్డానికి చిన్నది, గొంతు పెద్దది.

నా దగ్గరున్న బేస్ గిటార్ క్యాబినెట్ పనికిరాదా?

పనికొస్తుంది. ముందు ట్వీటర్‌ను (పై ఫ్రీక్వెన్సీల చిన్న స్పీకర్) పూర్తిగా తగ్గించండి. పీజోలోని పైచిటపటలను అది అద్దం పట్టి చూపిస్తుంది. రాక్ కోసం చేసిన క్యాబినెట్‌లు కొన్ని 100 హెర్ట్జ్ దగ్గర ఉబ్బి ఉంటాయి. సరిగ్గా మన వాద్యం హోరెత్తే చోటు అది. అక్కడ 3, 4 డెసిబెల్‌లు దించితే చాలాసార్లు కొత్త క్యాబినెట్ అవసరమే రాదు.

రెండు క్యాబినెట్‌లు కలపొచ్చా?

8 ఓమ్‌లవి రెండు సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు. ఆంప్ వెనక కనీస ఓమ్‌లు ఎంత అని రాసిందో చూసి కలపండి.

స్లాప్ వాయిస్తాను. వేరే పికప్ కావాలా?

కావాలి. బ్రిడ్జి దగ్గరి పికప్ స్వరాన్ని పట్టుకుంటుంది గానీ తీగ ఫింగర్‌బోర్డుకు కొట్టుకునే టక్కు అందులో సరిగా రాదు. అందుకే రాకబిలీ వాళ్ళు ఫింగర్‌బోర్డుకు రెండో పీజో అతికించి రెండు చానెళ్ళు నడుపుతారు. తీగలు గట్‌వో, ఇన్నొవేషన్ వాళ్ళ సింథటిక్‌వో వేసుకోండి. స్టీలు తీగలతో గంటసేపు స్లాప్ చేస్తే వేళ్ళు మిగలవు.

అమెరికా నుంచి మా వాళ్ళ చేత ఆంప్ తెప్పించుకుంటే ఇక్కడ పనిచేస్తుందా?

వెనక పలక మీద ఏముందో ఫోటో తీసి పంపమనండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 115, 230 అని స్విచ్ ఉంటే కరెంటు పెట్టక ముందే 230కి తిప్పాలి, ఫ్యూజ్ విలువ కూడా చూసుకోవాలి. ఒట్టి 120 అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. దాన్ని ప్రోగ్రాం ప్రోగ్రాంకీ మోయడం ఒక ఉద్యోగం. అలాంటిదైతే ఇక్కడే కొనుక్కోవడం నయం.

పెళ్ళి లాన్‌లలో, తాత్కాలిక స్టేజీల మీద హమ్ వస్తే పికప్‌ను తిట్టే ముందు బోర్డుకు ఎర్త్ ఉందో లేదో అడగండి. మూడో పిన్ను విరిచేసి హమ్ ఆపే చిట్కా చెప్పేవాళ్ళు ఉంటారు. ప్రాణం మీదికి వచ్చే పని అది. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండును మాత్రమే విడదీసేది) ఉన్నది ఇందుకే.

వానాకాలంలో తీగలు పైకి లేచినట్టుంటాయి. నిజమా, భ్రమా?

నిజమే. గాలిలో తేమ పెరిగితే పైపలక ఉబ్బి బ్రిడ్జిని పైకి తోస్తుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో తేమ ఎక్కువ కాలం ఉంటుంది. హైదరాబాద్‌లో అసలు తంటా ఏప్రిల్, మే పొడిగాలులతో. అప్పుడు పలక కుంగి తీగలు ఫింగర్‌బోర్డుకు తగిలి గరగరలాడతాయి, మరీ ఆరిపోతే పలక పగులుతుంది. చలికాలం హీటర్ వేసుకునే అమెరికా ఇళ్ళలో కూడా ఇదే బాధ. అక్కడ కొందరు చలికాలానికో బ్రిడ్జి, ఎండాకాలానికో బ్రిడ్జి చేయించుకుంటారు. ఎత్తు సవరించే స్క్రూలుంటే ఒక్క బ్రిడ్జితో గడుస్తుంది. స్టీలు తీగలకు ఫింగర్‌బోర్డు చివర జీ తీగ 5 నుంచి 7, ఈ (E) తీగ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. స్క్రూ తిప్పే ముందు తీగలు కాస్త వదులు చేయండి, రెండు వైపులా సమంగా తిప్పండి. ఏసీ గదిలోంచి నేరుగా ఎండలో పెట్టిన కారులోకి మాత్రం వాద్యాన్ని మార్చకండి.

సౌండ్ ఆయనకు ఏం చెప్పాలి?

మూడు మాటలు చాలు. ప్రీఆంప్ నుంచి లైన్ ఇస్తున్నాను, ప్రీఆంప్‌కు అవసరమైతే తప్ప 48 వోల్టుల ఫాంటమ్ (మిక్సర్ కేబుల్ గుండా పంపే కరెంటు) పెట్టొద్దు. సబ్‌వూఫర్లలోకి నన్ను పూర్తిగా వదలొద్దు, 60 హెర్ట్జ్ కింద కోసేయండి. నా మానిటర్‌లో బేస్ పెట్టొద్దు, నా క్యాబినెట్ నాకు వినపడుతుంది. ఇవి మర్యాదగా సౌండ్ చెక్ మొదట్లోనే చెప్పండి. కార్యక్రమం మధ్యలో సైగలు చేస్తే ఆయనకు అర్థమయ్యేది ఒక్కటే, ఇంకా పెంచమని.